సాలగ్రామంలోని చక్రం ఎవరిది?

ప్రశ్న: తాతగారి కాలం నుంచి మా ఇంట పూజలో ఉన్న సాలగ్రామంలో ఒక చక్రం ఉంది. అది శిలగా మారిన నత్తగుల్ల అని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా? నిజమైతే, సముద్రపు ప్రాణి హిమాలయాలకు ఎలా చేరింది?

జవాబు: ఆ చక్రం ఒక ప్రాణి గుల్ల మిగిల్చిన ముద్రే అన్నంతవరకు మీ అబ్బాయి మాట నిజం. వజ్రకీటం అనే పురుగు ఆ చక్రాన్ని తొలిచిందని చెప్పుకున్న మన పెద్దలు కూడా దాని వెనుక ఒక జీవి ఉందనే భావించారు. అయితే ఆ జీవి నత్త కాదు, ఆక్టోపస్, స్క్విడ్‌ల వంశానికి చెందిన అమ్మోనైట్.

నత్తగుల్ల లోపల మొదటి నుంచి చివరి దాకా ఒకటే గొట్టం ఉంటుంది. అమ్మోనైట్ మాత్రం పెరిగేకొద్దీ వెనుక ఒక్కొక్క అడ్డుగోడ కట్టుకుంటూ వచ్చి, చివరి గదిలో మాత్రమే నివసించేది. ఖాళీ గదులన్నింటినీ కలిపే సన్నని నాళం ద్వారా వాటిలోని నీటిని తీసివేసి, వాయువు నిండేలా చేసి, నీటిలో తేలగలిగేది. ఈ గోడలు గుల్లను అంటిన చోట ఆకు అంచుల్లా మెలికలు తిరిగిన గీతలు ఏర్పడతాయి. సాలగ్రామంలో సాధారణంగా మనకు కనిపించేవి మాత్రం ఆ గీతలు కావు, గుల్ల పైభాగంలోని గట్ల ముద్రలు.

నేటి హిమాలయాల చోట ఒకప్పుడు టెథిస్ సముద్రం ఉండేది. సుమారు 15 కోట్ల ఏళ్ల కిందట దాని అడుగున పడిన గుల్లల చుట్టూ నల్లని బురద గట్టిపడి ఉండలు కట్టింది. తరువాత మన భూఖండం ఉత్తరానికి జరిగి ఆసియాను ఢీకొనడంతో ఆ అడుగు పైకి లేచింది. నేపాల్‌లోని గండకీ నది ఆ పొరలను కోస్తూ ఉండలను బయటికి తెచ్చి నునుపు చేస్తోంది.

డైనోసార్లతో పాటే, 6.6 కోట్ల ఏళ్ల కిందట అమ్మోనైట్లు అంతరించాయి. చూడడానికి వాటిలాగే ఉండే నాటిలస్ మాత్రం నేటికీ బతికే ఉంది, కాని వంశం రీత్యా అమ్మోనైట్‌కు నాటిలస్ కన్నా స్క్విడ్డే దగ్గరి చుట్టం కావడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే. అమ్మోనైట్ పిల్లలు మిల్లీమీటరు పరిమాణంలో పుట్టి, సముద్రపు పైపొరల్లోని సూక్ష్మజీవుల మధ్య పెరిగేవని, ఆ ఆహారం కరవైనప్పుడు నిలవలేకపోయాయని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. నాటిలస్ గుడ్లు కొద్దిపాటివే అయినా పెద్దవి. దాదాపు ఏడాదికి గుడ్డు నుంచి రెండున్నర సెంటీమీటర్ల గుల్లతో పిల్ల బయటికి వస్తుంది, అందుకే నాటిలస్ ఆ కరవును తట్టుకోగలిగిందని వారి ఊహ.