వాడిన షాక్ అబ్జార్బర్లు బిగిస్తే కేసు అవుతుందా?

ప్రశ్న: నా థార్‌కు వాడిన అడ్జస్టబుల్ షాక్ అబ్జార్బర్లు నాలుగు ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర 38 వేలకు కొన్నాను. ‘ఆరు నెలలే వాడాను, లీకేజీ లేదు’ అని వాట్సాప్‌లో రాశాడు. బిగించిన పది రోజులకే వెనక ఒకదాన్నుంచి ఆయిల్ కారుతోంది. డబ్బులు వెనక్కి ఇవ్వనంటున్నాడు. బండిని రెండంగుళాలు ఎత్తు చేయించాలని కూడా ఉంది. ఆర్టీఏ వాళ్లు పట్టుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకుడు, వికారాబాద్

జవాబు: ముందు ఆ బండిని రోడ్డెక్కించకండి. ఆయిల్ పోయిన షాక్‌తో చక్రం నేలను సరిగా పట్టుకోదు, బ్రేక్ వేసినా బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. ఘాట్‌లో ఇది ప్రాణాల మీదికి వస్తుంది.

కంపెనీ సైజులోనే ఉన్న షాక్ మార్చినంత మాత్రాన నేరం కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చూసేది ఆర్సీలోని వివరాలు కంపెనీ చెప్పినదానికి తేడాగా మారాయా, బండి నిర్మాణం మారి దాని ప్రాథమిక లక్షణమే మారిందా అన్నది. మీ షాక్‌కు ఉన్న నాబ్ తిప్పితే గట్టిదనం మారుతుంది, ఎత్తు మారదు. ఎత్తు పెంచాలంటే స్పేసర్లు (స్ప్రింగు దగ్గర ఎత్తు కోసం పెట్టే దిమ్మెలు) గానీ, పొడవాటి స్ప్రింగులు గానీ పెట్టాలి. చిక్కంతా అక్కడే. రెండంగుళాలు ప్రాథమిక మార్పు కాదని వాదించవచ్చు. కానీ ఆ వాదన తేలేది కోర్టులో, ఈలోగా బండి ఆగిపోతుంది. కంపెనీ స్పెసిఫికేషన్‌కు విరుద్ధమైన మార్పులు కుదరవని 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సెక్షన్ 182ఎ(4) కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. అందుకే బండి ఎత్తు పెంచే ఆలోచన మానుకోమంటాను. షాక్‌లు మార్చిన సంగతి మాత్రం ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. లేదంటే రేపు సొంత డ్యామేజీ క్లెయిమ్ దగ్గర గొడవ వస్తుంది.

ఇక డబ్బు సంగతి. దుకాణంలో కొని ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. మీకు అమ్మినది వ్యాపారి కాదు, సొంత సామాను అమ్ముకున్న వ్యక్తి. కాబట్టి ఆ దారి మూసుకున్నట్టే, సివిల్ కోర్టే గతి. వాడిన సరుకు కదా అని ఆయన తప్పించుకోలేడు, ‘లీకేజీ లేదు’ అన్న ఆ వాక్యమే మీ బలం. అది అబద్ధమైతే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 19 ప్రకారం కొనుగోలు రద్దు కోరవచ్చు. చూసే కొన్నావు కదా అని ఆయన అడ్డం తిరుగుతాడు. రాడ్ తుడిచి ఇస్తే లీకు బయటికి కనిపించదని మీ మెకానిక్ చేత రాయించండి.

ముందుగా లాయర్ నోటీసు ఇవ్వండి. చాట్‌ను, యూపీఐ రసీదును ఫోన్‌లోంచి చెరపకండి. వాటి కాపీలు అసలైనవేనని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేస్తేనే అవి కోర్టులో నిలబడతాయి. లీకైన షాక్‌ను విప్పించి రిపేరు మాత్రం చేయించకండి. ఫొటోలు తీసి, ఉన్నది ఉన్నట్టే భద్రపరచండి.