దుబాయ్ జీతం, షాద్‌నగర్ ప్లాటు, మధ్యలో అద్దె చెక్కు

ప్రశ్న: మాది కరీంనగర్. నాలుగేళ్లుగా దుబాయ్‌లో ఉద్యోగం. నాతో పాటు భార్య, ఐదేళ్ల పాప. జీతం 14,000 దిర్హామ్‌లు, అందులో బేసిక్ 8,000. అల్ నహ్దాలో వన్ బెడ్‌రూమ్ ఫ్లాటుకు ఏడాదికి 66,000 అద్దె, నాలుగు చెక్కుల్లో కడుతున్నాం. షాద్‌నగర్ దగ్గర ప్లాటు కోసం ఏడాది క్రితం ఇక్కడి బ్యాంకులో 1,20,000 దిర్హామ్‌ల పర్సనల్ లోన్ తీసుకున్నాను. నెలకు 2,900 ఈఎంఐ. అద్దె చెక్కు తేదీకి డబ్బు చాలక రెండుసార్లు క్రెడిట్ కార్డు మీద క్యాష్ తీశాను. ఆ బాకీ 9,000 ఉంది, మినిమం 450 కడుతున్నాను. తిండికి 1,900, పాప స్కూలుకు 1,000, కారుకు 700 (పాత కారు, లోన్ లేదు), కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్, ఫోన్లకు 850, ఊళ్లో అమ్మానాన్నలకు 700. రోజువారీ ఖర్చులు ఎక్కడ తగ్గించుకోవచ్చు? బ్యాంకువాళ్లు లోన్ టాప్-అప్ ఇస్తామంటున్నారు. దాంతో జహీరాబాద్ వైపు ఐదు గుంటల ఫామ్ ప్లాటు తీసుకోవచ్చా?

జవాబు: అద్దెను నెలకు 5,500గా వేసుకుని మీ లెక్క కూడితే సరిగ్గా 14,000 తేలింది. పైగా ఏడాదికోసారి వచ్చే ఖర్చులు అందులో లేనే లేవు. ఊరికి టికెట్లు, కారు ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్, వీసా, ఎమిరేట్స్ ఐడీ రెన్యువల్... కార్డు బాకీ పుట్టింది ఇక్కడే. గల్ఫ్ నుంచి వచ్చే ఉత్తరాల్లో సగానికి సగం ఇలాగే ఉంటాయి. ఊళ్లో భూమి ఉంటుంది, ఉద్యోగం ఉన్నచోట ఒక్క దిర్హామ్ నిల్వ ఉండదు. మీ ప్రశ్న తీసుకున్నది అందుకే.

రేపు ఉద్యోగం పోయిందనుకోండి. లోన్ ఇచ్చేటప్పుడు మీ కంపెనీ నుంచి బ్యాంకు తీసుకున్న శాలరీ ట్రాన్స్‌ఫర్ లెటర్ ఒకసారి చదవండి. సాధారణంగా జీతంతో పాటు గ్రాట్యుటీ కూడా ఆ ఖాతాలోనే వేస్తామని అందులో ఉంటుంది. మొదటి ఐదేళ్లకు గ్రాట్యుటీ ఏడాదికి 21 రోజుల బేసిక్. మీ నాలుగేళ్లకు 22,400. లోన్ బాకీ ఇంకా 90,000 పైనే ఉంటుంది. సెటిల్‌మెంట్ పడగానే బ్యాంకు దాన్ని ఆపేస్తుంది. ఇంటి ఓనరు దగ్గరున్న 16,500 చెక్కు మాత్రం తన తేదీకి తాను బ్యాంకుకు వెళ్తుంది. 2022 జనవరి నుంచి చెక్కు బౌన్స్ అయితే చాలా సందర్భాల్లో క్రిమినల్ కేసు లేదు. అయితే ఓనరు విడిగా దావా వేయనక్కర్లేకుండా నేరుగా ఎగ్జిక్యూషన్ (తీర్పులు అమలు చేసే) కోర్టుకు వెళ్లొచ్చు. ఖాతాల జప్తు, ట్రావెల్ బ్యాన్ దాకా రావచ్చు. భార్యాబిడ్డల వీసాలు మీ వీసా మీదే ఉన్నాయి. రద్దయ్యాక ఇచ్చే గడువు దాటితే మనిషికి రోజుకు 50 దిర్హామ్‌ల జరిమానా.

ఐఎల్‌ఓఈ ఉద్యోగ నష్ట బీమా ఉందిగా అంటారేమో. బేసిక్ 16,000 లోపు వాళ్లకు నెలకు 5 దిర్హామ్‌లే, తప్పనిసరి కూడా. వచ్చేది బేసిక్‌లో 60 శాతం, అంటే మీకు 4,800, అదీ గరిష్ఠంగా మూడు నెలలు. వరుసగా 12 నెలలు ప్రీమియం కట్టి ఉండాలి, ఉద్యోగం పోయిన 30 రోజుల్లో క్లెయిమ్ పెట్టాలి. రాజీనామా చేసినా, దేశం వదిలి వెళ్లినా రాదు. మధ్యలో పాలసీ ఆగిందేమో ఈరోజే చూసుకోండి. అన్నీ సవ్యంగా ఉన్నా ఆ 4,800 మీ నెల అద్దెకే చాలదు.

కాబట్టి ముందు అత్యవసర నిధి, మిగతావన్నీ తర్వాతే. మీ లెక్కన రాబోయే ఒక చెక్కు 16,500, అద్దె, కార్డు కాకుండా మూడు నెలల ఖర్చు 24,150, ముగ్గురికి టికెట్లకు 3,000. మొత్తం సుమారు 44,000 దిర్హామ్‌లు. లోన్ ఇచ్చిన బ్యాంకులో దీన్ని ఉంచకండి. అక్కడుంటే లోన్ బాకీ కింద జమ చేసుకుంటారు. వేరే బ్యాంకులో, మినిమం బ్యాలెన్స్ షరతు లేని పొదుపు ఖాతా తెరవండి. ఇండియాలో రూపాయల్లో వేసే ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్‌కు వడ్డీ ఎక్కువ, పన్ను లేదు, నిజమే. కానీ ఏడాది లోపు తీస్తే వడ్డీ రాదు, అద్దె చెక్కు దిర్హామ్‌ల్లోనే ఉంటుంది. ఇంకో ఖాతాలో, జీతం పడిన రోజే అద్దె వాటా 5,500 పక్కన పెట్టండి. చెక్కు గడువు మూడు నెలల ముందే తెలిసి కూడా కార్డు మీద క్యాష్ తీయడం ఏ లెక్కన చూసినా తప్పే. ఫీజు వేరు, వడ్డీ తీసిన రోజు నుంచే మొదలు. ఈ కార్డుల వడ్డీ నెలకు 3 శాతం పైనే ఉంటుంది. మీరు కట్టే 450లో సగానికి పైగా వడ్డీకే పోతోంది.

ఇక మీరడిగిన పొదుపు. పెద్ద మొత్తం కారులో ఉంది. రద్దీ వేళల్లో సాలిక్ (రోడ్డు టోల్) గేటు దాటితే 6 దిర్హామ్‌లు. రోజుకు రెండుసార్లు, నెలకు 22 రోజులు, ఒక్క గేటుకే 264. మెట్రో, బస్సులకు పనికొచ్చే నెలవారీ నోల్ పాస్ రెండు జోన్లకు 230, అన్ని జోన్లకు 350. స్టేడియం స్టేషన్ మీకు దగ్గరే. ఆఫీసు మెట్రోకు అందుబాటులో ఉంటే కారు అమ్మేయండి. ఆ డబ్బుతో 9,000 కార్డు బాకీ ఒకేసారి తీర్చండి. కారు, కార్డు కలిపి నెలకు 800 మిగులుతుంది, ఇన్సూరెన్స్ దండగ కూడా తప్పుతుంది.

కరెంటు బిల్లులో పొదుపు మీరనుకున్నంత లేదు. దేవా (దుబాయ్ కరెంటు, నీళ్ల సంస్థ) బిల్లులో హౌసింగ్ ఫీజు పేరుతో ఏడాది అద్దెలో 5 శాతం కలిసి వస్తుంది. మీకు నెలకు 275. ఏసీ ఎంత తగ్గించినా అది తగ్గదు. అద్దె తక్కువని ఇల్లు మారాలనుకుంటే ముందు ఖర్చు రాసుకోండి. బ్రోకరుకు 5 శాతం, కొత్త డిపాజిట్ 5 శాతం, ఈజారీ (అద్దె ఒప్పందం రిజిస్ట్రేషన్), సామాను తరలింపు. ఏడాదికి 5,000 తగ్గే ఇంటికి మారితే మొదటి ఏడాది మిగిలేది సున్నా. ఉన్న ఇంట్లోనే బేరమాడండి. అద్దె పెంచాలంటే ఒప్పందం ముగియడానికి 90 రోజుల ముందే ఓనరు నోటీసు ఇవ్వాలి, పెంపు కూడా ల్యాండ్ డిపార్ట్‌మెంట్ సూచీ దాటకూడదు. హాలులో ఎవరినైనా బ్యాచిలర్‌ను పెట్టుకునే ఆలోచన ఉంటే మానుకోండి. ఓనరు రాతపూర్వక అనుమతి లేని సబ్‌లెటింగ్‌కు ఖాళీ చేయించవచ్చు. తిండిలో డెలివరీ యాప్‌లు మానేసి, కూరగాయలు రెండు మూడు కుటుంబాలు కలిసి అల్ అవీర్ మార్కెట్లో పెట్టెల లెక్కన తెచ్చుకుంటే 300 దాకా తగ్గొచ్చు. ఫోన్ ప్లాన్లలో మరో 100.

అన్నీ కలిపి 1,200. ఈ లెక్కన 44,000 చేరడానికి మూడేళ్లు! కూరగాయల దగ్గర తేలే వ్యవహారం కాదిది. షాద్‌నగర్ ప్లాటుకు పెట్టిన డబ్బు తిరిగొచ్చే ధర పలికితే అమ్మి లోన్ మూసేయండి. ముందస్తు చెల్లింపు రుసుము బాకీలో 1 శాతం మించదు. ఈఎంఐ పోతే నెలకు 4,100 మిగులుతుంది, కావాల్సిన నిధి 35,000కు దిగుతుంది, తొమ్మిది నెలల్లో పూర్తవుతుంది. ఎన్‌ఆర్‌ఐ అమ్మితే కొనేవాళ్లు కోసే టీడీఎస్ మామూలు 1 శాతం కాదు, చాలా ఎక్కువ. తక్కువ కోతకు ఆదాయపు పన్ను శాఖ సర్టిఫికెట్ ముందే తెచ్చుకోండి. డబ్బు ఎన్‌ఆర్‌ఓ (ఎన్‌ఆర్‌ఐల ఇండియా ఆదాయం జమయ్యే) ఖాతాలో పడుతుంది, దుబాయ్‌కి పంపడానికి సీఏ ధ్రువపత్రం కావాలి.

జహీరాబాద్ ఫామ్ ప్లాటు సంగతి: గుంటల్లో అమ్మి, పట్టాదారు పాసుపుస్తకం ఇప్పిస్తామంటే అది వ్యవసాయ భూమి. ఎన్‌ఆర్‌ఐలు వ్యవసాయ భూమి గానీ ఫామ్‌హౌస్ గానీ కొనడానికి ఫెమా (విదేశీ మారక ద్రవ్య నిర్వహణ) చట్టం ఒప్పుకోదు. ఏజెంటు ఈ మాట చెప్పడు. అప్పు చేసి, కొనకూడని భూమి కొనాలన్న ఆలోచనకు ఇంతకంటే జవాబు లేదు. టాప్-అప్ కోసం మళ్లీ ఫోన్ వస్తే వద్దని చెప్పండి.

మ్యూచువల్ ఫండ్లు, బంగారం నిధి పూర్తయ్యాకే. ఊరికి డబ్బు విడతలుగా పంపుతుంటే నెలకొకసారే పంపండి, ఫీజు కంటే రేటు చూడండి. టర్మ్ పాలసీ ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఏడాది జీతానికి పది రెట్లకు తగ్గకుండా ఇప్పుడే తీసుకోండి. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమాలో భార్యాబిడ్డలు ఉన్నారో లేదో కూడా చూడండి. దుబాయ్‌లో ఉద్యోగి బీమా కంపెనీ బాధ్యత, కుటుంబానిది స్పాన్సర్‌గా మీ బాధ్యత.