జేసీ రోడ్డుకు వెళ్లే ముందు

చిరంజీవి కిట్టుకి, మామయ్య ఆశీస్సులు.

బెంగళూరు జేసీ రోడ్డు షాపుల్లో కారుకు రీమ్యాప్ (అదే, ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడం) చేయిస్తున్నావనీ, సైలెన్సర్ కూడా మారుస్తున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నువ్వు సొంత జీతంతో కారు కొన్నావని మల్లేశ్వరమంతా చాటుకున్నవాణ్ణి నేనే. ఈ మాట విన్నాక మాత్రం రాత్రి నిద్ర పట్టలేదురా.

సీటు కవర్లూ మ్యూజిక్ సిస్టమూ పెద్ద విషయం కాదు. సీఎన్జీ కిట్ అయితే ఆర్సీలో ఎక్కించి, ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పి, అదనపు ప్రీమియం కట్టాలి. ఇంజన్ జోలికి వెళ్లావో, అది వేరే కథ. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ దాటొద్దని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ అన్నారు. ఇన్సూరెన్స్ ఏజెంటు "ఏం కాదు సార్" అంటాడు. ఆ మాట మెయిల్లో రాసిమ్మను, చూద్దాం.

నీకు మూడేళ్లప్పటి సంగతి. జేసీ రోడ్డు సందులో నా డీజిల్ కారుకు, ఇంజన్ పవర్ పెంచే ట్యూనింగ్ బాక్స్ పెట్టించాను. రెండు అగ్గిపెట్టెలంత ఉంటుంది, గంటలో బిగించేశాడు. హోసూరు రోడ్డు మీద ఏం లాగేదిరా! (చూడు, ఇప్పటికీ గొప్పలే.) ఓ రోజు వానలో అత్తిబెలె దగ్గర డివైడర్‌కు కొట్టాను. మనుషులకేం కాలేదు. ఇన్సూరెన్స్ సర్వేయరు నలిగిన బంపరు వంక చూడనే లేదు. బానెట్ ఎత్తి, టార్చి వేసి, నీలం టేపు చుట్టిన తీగ దగ్గర ఆగాడు. "ఇదు కంపనీదా సార్?" అన్నాడు మెల్లగా. నోట మాట రాలేదు. రెన్యువల్ ఫారంలో మార్పులేమీ లేవని సంతకం పెట్టింది నేనే మరి.

క్లెయిమ్ పోయింది. షెడ్డు బిల్లు కట్టడానికి అత్తయ్య గాజులు తాకట్టు పెట్టాను. ఏడాదిన్నర పాటు వంటింట్లోంచి మట్టిగాజుల చప్పుడు వినిపిస్తే పేపర్లో తల దూర్చేవాణ్ణి. ఆవిడ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

డివైడర్ కాబట్టి సరిపోయింది, మనిషైతే? బాధితులకు ఇన్సూరెన్స్ కంపెనీ చేత ముందు ఇప్పించి, ఆ తర్వాత బండి యజమాని దగ్గర వసూలు చేసుకోమన్న కోర్టు తీర్పులున్నాయి. నీ జీతం ఎంతని వెధవా!

ఆదివారం కారేసుకుని రా. అత్తయ్య ఉలవచారు కాస్తానంది. కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టే ఉంచి తీసుకురా, ఓ రౌండు నేనూ నడుపుతాను.

మామయ్య