టమాటా వేళ్లకు ఉండలు: వేప కషాయం పోయాల్సింది ఎప్పుడు?

మిద్దె మీద టమాటా మధ్యాహ్నానికల్లా వాడిపోతోంది, పీకి చూస్తే వేళ్లకు ఉండలున్నాయి, వేప కషాయం పోస్తే తగ్గుతుందా అని అడిగారు. పట్టేసిన మొక్కకు తగ్గదండీ. ఒక సీజనంతా పోసి చూసినవాణ్ని, అందుకే చెబుతున్నా.

ముందు అవి నులిపురుగుల (మట్టిలో ఉండి వేళ్లలోకి దూరే కంటికి కనిపించని సన్న పురుగులు, నెమటోడ్లు) పనేనా చూసుకోండి. చిక్కుడు వేళ్లకుండే బుడిపెలు గోటితో గీరితే ఊడొస్తాయి. ఇవి రావు, ఎందుకంటే వేరే ఉబ్బి అలా తయారవుతుంది.

మాది మదనపల్లె వైపు. టమాటా మాకు కొత్త కాదనే ధీమాతో బెంగళూరు కె.ఆర్.పురంలో మా మిద్దె మీద ఒకే మట్టిలో టమాటా, తర్వాత వంగ, తర్వాత బెండ, మళ్లీ టమాటా వేశాను. మూడూ ఆ పురుగుకు ఇష్టమైనవే! మొక్కలు వాడుతుంటే వారం వారం కషాయం పోశాను. నాలుగు రోజులు తేరుకున్నట్టే కనిపించి, ఎండ ముదిరేసరికి మళ్లీ తలలు వాల్చేశాయి. పీకితే వేళ్లు అల్లం కొమ్ముల్లా ఉన్నాయి.

పిల్ల పురుగు వేరు కొస నుంచి లోపలికి దూరుతుంది. దూరాక అక్కడే ఉబ్బి వందల గుడ్లు పెడుతుంది. వెచ్చగా ఉంటే నెలకో తరం. మనం పోసే కషాయం మట్టిలో తిరిగేవాటి మీదే పని చేస్తుంది, వేరులో కూర్చున్నదాన్ని ఏమీ చేయలేదు. కాబట్టి పని నాటకముందే మొదలవ్వాలి.

మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మట్టంతా పరిచి, తడిపి, పారదర్శకమైన పాలిథిన్ కప్పి ఆరు వారాలు ఎండలో వదిలేశాను. తర్వాత ఒక్కో గ్రో బ్యాగు మట్టికి 100 గ్రాముల వేప పిండి (వేప గింజల నూనె తీశాక మిగిలే పిప్పి) కలిపి, రెండు వారాలు తడిగా ఉంచి అప్పుడు నాటాను. కలిపిన వెంటనే నాటితే అది కుళ్లేటప్పుడు లేత వేళ్లు దెబ్బతింటాయి. అన్నట్టు, ఇక్కడి అంగట్లో కన్నడలో 'బేవిన హిండి' అని అడగండి. నేను వేప పిండి అంటే ముఖానికి రాసుకునే ఆకు పొడి ఇచ్చారు!

కషాయానికి 50 గ్రాముల వేప పప్పు దంచి లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడగట్టాలి. నాటిన రోజు, తర్వాత పదిహేను రోజులకోసారి రెండుసార్లు, తడి మట్టిలో మొక్కకు అరలీటరు చొప్పున సాయంత్రం పోశాను. ఏ రోజుది ఆ రోజే వాడేయాలి.

బంతి కూడా పనికొస్తుంది, కానీ అంచున రెండు మొక్కలు పెడితే అలంకారమే. చిన్న పూల ఫ్రెంచ్ బంతిని బ్యాగు నిండా మూడు నెలలు పెంచాలి, బతికున్న వేళ్లే మందు. నాలుగు బ్యాగుల్లో అలా చేశాను. ఉండలు అన్నిటికంటే తక్కువ వచ్చింది వాటిలోనే. వేప పిండి వాటికీ వేశాను కాబట్టి ఘనత అంతా బంతిదే అనలేను.

హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క రక్షక్ టమాటా రకం వేస్తే సరిపోతుందని కొందరంటారు. అది తట్టుకునేది ఆకుముడత వైరస్, బాక్టీరియా ఎండు తెగులు, ముందస్తు ఆకుమాడు తెగులు. నులిపురుగు ఆ లెక్కలో లేదు.

ఇప్పుడున్న మొక్కల్ని వేళ్లతో సహా తీసి పారేయండి, కంపోస్టులో మాత్రం వేయకండి. కొత్త నారు కొనేటప్పుడు ఒకదాన్ని లాగి వేళ్లు చూడండి. మొన్న పంట అయ్యాక నావి పీకితే పక్క వేళ్లకు అక్కడక్కడా కందిగింజంత ఉండలు ఇంకా ఉన్నాయి. కాయలు మాత్రం ఆరు కోతలు కోశాం.