కంటికి వెలుతురు ‘పడదు’ అనవచ్చా?

సందేహం: నెల కిందట నా కుడికంట్లో శుక్లం తీసి లెన్సు వేశారు. ఆ కంటితో చూస్తే గోడ తెల్లగా, ఎడమకంటితో చూస్తే పచ్చగా కనిపిస్తోంది. బయటికి వెళ్తే కుడికంటికి వెలుతురు పడడం లేదు. ‘అలా అనకమ్మా, కాంతి సున్నితత్వం అనాలి’ అంటాడు మా అబ్బాయి. ‘కళ్ళు మిరుమిట్లు గొలుపుతున్నాయి’ అందామా అంటే అదీ సరైనదో కాదో తెలియడం లేదు.

సమాధానం: మీ నోట మొదట వచ్చిన మాటే సరైనదమ్మా. పాలు పడవు, వంకాయ పడదు, కొత్త ఊరి నీళ్ళు పడలేదు అంటాం కదా, అక్కడి ‘పడు’కు సరిపోవడమని అర్థం. ‘వెలుతురు రావడం లేదని అనుకుంటారేమో’ అన్న భయం అక్కర్లేదు. విభక్తే తేడా చెబుతుంది. కంట్లో వెలుతురు పడలేదంటే లోపలికి రాలేదని. కంటికి పడలేదంటే వచ్చింది కానీ ఓర్చుకోలేకపోయిందని. ఇక కంటపడలేదంటే అసలు కనబడనే లేదని! ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’లో ‘ఇంట’ ఎలాంటిదో ఈ ‘కంట’ అలాంటిదే. ఒక్క క్రియ, మూడు రూపాలు, మూడు వేరువేరు సంగతులు. ఇంత పదునైన పనిముట్టు చేతిలో ఉండగా అనువాదపు మాట ఎందుకు?

పైగా ‘కాంతి సున్నితత్వం’ ఏ సంగతీ తేల్చి చెప్పదు. గుడ్డి దీపం వెలుగులోనూ చూడగలగడం కంటికున్న శక్తి. మామూలు ఎండకే చికిలించుకోవడం కంటికొచ్చిన బాధ. రెండింటికీ ఒకే పేరు పెడితే వినేవాళ్ళకు ఏం బోధపడుతుంది?

‘మిరుమిట్లు’ మంచి తెలుగు మాట, కానీ మీ వాక్యంలో తిరగబడింది. మేలుకొను, మేలుకొలుపు జంటను చూడండి. కొనేది తాను, కొలిపేది ఎదుటివారి చేత. కాబట్టి మిరుమిట్లు గొలిపేది వెలుగు, మిరుమిట్లు గొనేవి కళ్ళు. మీరన్నట్టయితే మీ కళ్ళ కాంతికి ఎదుటివాళ్ళు తట్టుకోలేకపోతున్నారని అర్థం వస్తుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది ‘పచ్చగా’ అన్నచోట. పచ్చగడ్డి పచ్చ వేరు, పచ్చకామెర్ల పచ్చ వేరు. డాక్టరుతో ‘పసుపుగా’ అనే చెప్పండి. వయసుతో కంటి లోపలి సహజమైన లెన్సు పసుపుబారి, నీలికాంతిని కొంత ఆపేస్తుంది. కొత్త లెన్సు తేటగా ఉండి ఎక్కువ కాంతిని లోనికి రానిస్తుంది. అందుకే ఒకే గోడ ఒక కంటికి సున్నం కొట్టినట్టు, ఇంకో కంటికి పాత కాగితంలా ఉంటుంది. రెండు కళ్ళూ తెరిచి చూసినప్పుడు మెదడు కలిపేస్తుంది కనుక ఈ తేడా అంతగా తెలియదు. ఒక్కో కన్నూ మూసి చూస్తేనే బయటపడుతుంది. శుక్లమంటే తెలుపని అర్థం, లోపల జరిగేదేమో చాలామందిలో లెన్సు పసుపుబారి మసకబారడం. పేరు పెట్టినవారు బయటినుంచి పాపలో కనిపించే తెలుపును చూసి పెట్టి ఉంటారు.

డాక్టరు దగ్గర ఇలా అనండి: ‘కుడికంటికి ఎండ వెలుతురు పడడం లేదు. ఎడమకంటితో చూస్తే తెల్లనివి పసుపుగా ఉన్నాయి.’ కన్ను ఎర్రబడినా, నొప్పి పెట్టినా, చూపు తగ్గినా మాత్రం మాటల కోసం వెతుక్కోకండి, ఆ రోజే వెళ్ళి చూపించుకోండి.