పద్నాలుగేళ్ల పిల్ల ‘నాట్స్ అండ్ క్రాసెస్’ చదవొచ్చా?

తొమ్మిదో తరగతి చదివే మీ పాప ఈ నవల తెచ్చుకుందనీ, జాతి గొడవలూ ప్రేమా ఉన్నాయి కాబట్టి ఆపించాలా అనీ అడిగారు. ఆపించకండి. తనకంటే ముందు మీరు చదవండి.

మాది నల్లకుంట. రెండేళ్ల కిందట ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల్లో మా పాప దీన్ని ఏరుకుంది. తనకీ అప్పుడు పద్నాలుగే. నేనూ మీలాగే జంకి, ముందు నేను చదువుతానని తీసుకున్నాను.

మలోరీ బ్లాక్‌మన్ రాసిన ఈ నవల 2001లో వచ్చింది. ఇందులో లోకం తలకిందులు. ఏలేది నల్లవాళ్లు, వాళ్లు క్రాస్‌లు. ఒకప్పటి బానిసలు తెల్లవాళ్లు, వాళ్లు నాట్‌లు. పెద్ద రాజకీయ నాయకుడి కూతురు సెఫీ, వాళ్లింట్లో పనిచేసినావిడ కొడుకు కాలమ్, చిన్నప్పటి నుంచీ స్నేహితులు. సెఫీ బడిలో నాట్ పిల్లలు చేరిన రోజున గేటు దగ్గర గుంపు అడ్డుపడుతుంది. 1957లో అమెరికాలోని లిటిల్ రాక్‌లో తొమ్మిది మంది నల్లజాతి పిల్లలు సైనికుల కాపలాతో తెల్లవాళ్ల బడిలోకి వెళ్లడం గుర్తొస్తుంది.

నన్ను పట్టేసింది మాత్రం ఒక ప్లాస్టర్. దెబ్బ తగిలిన నాట్ అమ్మాయి నుదుటి మీద ముదురు గోధుమరంగు పట్టీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అదెందుకు వేసుకున్నావంటే, గులాబీ రంగువి అమ్మరు కదా అంటుంది. సెఫీకి ఆ ఊహే ఎప్పుడూ రాలేదు. ఆ పేజీ చదివేటప్పుడు, కూరలు తరుగుతూ కోసుకున్న నా వేలికి బ్యాండ్‌ఎయిడ్ ఉంది. నేను నలుపు, పట్టీ లేత రంగు. నలభై ఏళ్లుగా అంటించుకుంటూ ఏనాడూ గమనించలేదు.

పాప సగం చదివి, ఒక రాత్రి అన్నం దగ్గర, “అమ్మా, మామయ్య పెళ్లికి మనమెందుకు వెళ్లలేదు?” అంది. మా తమ్ముడు వేరే కులం అమ్మాయిని ప్రేమించాడు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసిచ్చి, 30 రోజులు ఆగి, రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి చేసుకున్నాడు. ముగ్గురు సాక్షులు కావాలి. “అక్కా, సంతకానికి వస్తావా” అని రెండుసార్లు ఫోన్ చేశాడు. నాన్నకు భయపడి నేను వెళ్లలేదు. అప్పుడు నీకు జ్వరమని పాపకు చెప్పుకొచ్చాను. ఆ రాత్రి ఉన్నదున్నట్టు చెప్పేశాను. తను మాట్లాడలేదు, కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంది.

బాంబు పేలుడు, ఆత్మహత్య, కిడ్నాప్, ఉరి, అన్నీ ఉన్నాయి. సుఖాంతం కాదు. చివరి భాగం చదివే రోజుల్లో మీరు దగ్గరే ఉండండి. 2020 నాటి బీబీసీ సీరియల్ చూపిస్తే చాలనుకోకండి, అందులో బడి కథ లేదు, కాలమ్ మిలటరీ అకాడమీలో చేరతాడు.

మా పాప చివరి పేజీ అయ్యాక నా పక్కలో చేరి ఏడ్చింది. పొద్దున్నే మామయ్యకు ఫోన్ చెయ్యమంది. చేశాను. ఎత్తింది మా మరదలు.