తేలిక సామాను తమ్ముడికి బరువైన బహుమతి, అదీ ఈఎంఐలోనా?

ప్రశ్న: మా తమ్ముడికి ట్రెక్కింగ్ పిచ్చి. బ్యాగు వీపున వేసుకుని రోజుల తరబడి నడుస్తాడు, టెంటు వేసుకుని పడుకుంటాడు. సామాను మాత్రం చాలా తక్కువ పెట్టుకుంటాడు. నాలుగు నెలల్లో వాడికి 30 ఏళ్లు నిండుతాయి. బాగా తేలికైన టెంటు ఒకటి చూశాను. ధర నా నెల జీతంలో దాదాపు సగం. క్రెడిట్ కార్డు మీద పాత బాకీ కొంత ఉంది. అయినా ఈఎంఐలో తీసుకోవచ్చా? లేదంటే ఇలాంటి వాళ్లకు పనికొచ్చేది ఇంకేమైనా ఉందా?

జవాబు: ఈఎంఐ వద్దండి. కార్డు మీద బాకీ మిగిలి ఉన్నప్పుడు కొత్తగా కొన్న వస్తువుకు వడ్డీ లేని గడువు సాధారణంగా దొరకదు. కొన్న రోజు నుంచే మీటరు తిరుగుతుంది. నెలకు 3 శాతం వడ్డీ అనుకోండి, వినడానికి చిన్నదే. వడ్డీ మీద వడ్డీ పడితే ఏడాదికి 36 కాదు, 42 శాతం దాటుతుంది. ‘వడ్డీ లేని ఈఎంఐ’ అని రాసి ఉన్నా, ఒకేసారి కట్టేవాళ్లకు వచ్చే తగ్గింపు మనకు రాకపోవడమో, ప్రాసెసింగ్ ఫీజు పడటమో ఉంటుంది. షరతులు చివరి వరకు చదవండి.

ముందు వాడి దగ్గర ఇప్పుడున్న టెంటు బరువెంతో కనుక్కోండి. తేలిక సామాను వాళ్లకు ‘బేస్ వెయిట్’ అనే లెక్క ఒకటుంది. తిండి, నీళ్లు, ఇంధనం తీసేశాక బ్యాగులో మిగిలే బరువు అది. 9 కిలోల లోపైతే తేలిక అంటారు, నాలుగున్నర కిలోల లోపైతే అల్ట్రాలైట్. ఆ లెక్క వేసుకునేవాడికి అదనంగా ఇంకో వస్తువు ఇవ్వడమంటే, ఎంత ప్రేమతో ఇచ్చినా, బరువు పెంచడమే. మా మేనల్లుడికి నేనొకసారి పదిహేను పనులు చేసే మల్టీటూల్ ఇచ్చాను. వాడు నవ్వుతూ తీసుకుని, వంటింటి కాటా మీద పెట్టి చూశాడు. 240 గ్రాములు! ఇప్పుడది ఇంట్లో తలుపు స్క్రూలు బిగించడానికి పనికొస్తోంది.

అందుకని నేను చూసేది తగ్గిన ఒక్కో గ్రాముకు ఎంత పెడుతున్నామన్నదే. కొత్త వస్తువు ధరను, పాతదాని కంటే అది ఎన్ని గ్రాములు తక్కువో ఆ సంఖ్యతో భాగించండి. 2,400 గ్రాముల టెంటు పోయి 1,400 గ్రాములది వస్తే కిలో తగ్గినట్టు. అది మంచి బేరం. 900 గ్రాముల టెంటు ఉన్నవాడికి 600 గ్రాములది కొంటే తగ్గేది 300 గ్రాములే. కానీ అంత తేలిక కోసం వాడే డైనీమా లాంటి బట్ట ఖరీదు మామూలు నైలాన్ కంటే చాలా ఎక్కువ. గ్రాములు తగ్గించేకొద్దీ ఒక్కో గ్రాము ప్రియమవుతుంది. మీరు చూసిన టెంటు ఈ రెండో రకమైతే వదిలేయండి.

మొదటి రకమైతే దారి ఉంది. నెలకు జీతంలో 3 శాతం పక్కన పెడితే నాలుగు నెలలకు 12 శాతం. ఇంట్లో ఇంకో ముగ్గురు అంతంత వేస్తే టెంటు డబ్బు వచ్చేసినట్టే. కలిసి ఇవ్వడం చిన్నతనమేమీ కాదు. మీ చేతిలో ఇంకేమైనా మిగిలితే అది కార్డు బాకీకి పోవాలి, టెంటుకు కాదు.

ఎవరూ కలవకపోతే, ఆ 12 శాతంలోనే వాడు మోసే వస్తువు ఒకదానికి తేలికైన బదులు కొనండి. స్టీలు గిన్నెలో వండుకుంటుంటే 750 మిల్లీలీటర్ల టైటానియం గిన్నె సుమారు 100 గ్రాములే ఉంటుంది, ఏళ్ల తరబడి ఉంటుంది. చేత్తో నొక్కి నీళ్లు పిండుకుని తాగే చిన్న వాటర్ ఫిల్టర్ కూడా మంచిదే. దారిలో నీళ్లు దొరికే చోట, ఫిల్టరున్నవాడు రెండు లీటర్ల బదులు ఒక లీటరు మోస్తే కిలో తగ్గుతుంది. 100 గ్రాములైనా లేని వస్తువుతో అంత బరువు దిగడం నాకైతే భలే లెక్కగా అనిపిస్తుంది. ఫిల్టరును మాత్రం సెకండ్ హ్యాండ్‌లో కొనకండి. తడిసిన ఫిల్టరు ఒక్కసారి గడ్డకడితే లోపలి గొట్టాలు పగలొచ్చు, అది బయటికి కనపడదు. టెంటు అయితే పాతది కొనొచ్చు. విప్పించి చూడండి, లోపలి పూత జిగురుగా అంటుకుంటున్నా, పొట్టులా రాలుతున్నా వద్దు.

ఎలాగూ అరిగిపోయేవి కూడా ఇవ్వొచ్చు. మెరినో ఉన్ని సాక్సులు, టెంటు చిరిగితే అంటించే టేపు లాంటివి. గ్యాస్ సిలిండరు డబ్బా మాత్రం వద్దు, వాడు విమానంలో వెళ్తే దాన్ని ఎక్కనివ్వరు. పవర్ బ్యాంకు అయితే 10,000 ఎంఏహెచ్‌ది చాలు. అది దాదాపు 37 వాట్ అవర్లు, విమానాల్లో మామూలుగా ఉండే 100 పరిమితికి చాలా లోపలే. చేతి బ్యాగులోనే పెట్టుకోవాలి.

వాడికి చెప్పకుండా కొనకూడనివి మూడున్నాయి: బూట్లు, బ్యాక్‌ప్యాక్, స్లీపింగ్ బ్యాగు. బ్యాక్‌ప్యాక్‌ను వెన్ను పొడవు కొలిచి తీసుకోవాలి. స్లీపింగ్ బ్యాగు వాడు తిరిగే చోటి చలిని బట్టి ఉండాలి. వీటిలో ఏదైనా ఇవ్వాలనుకుంటే సర్‌ప్రైజ్ మానేసి వాడినే ఎంచుకోమనండి.

డబ్బు ఈ నెల నుంచే దాచడం మొదలుపెట్టండి కానీ వస్తువు ఇప్పుడే కొనకండి. నాలుగు నెలలు అల్మారాలో పెట్టి ఇస్తే, వాడు విప్పి చూసేసరికి రిటర్న్ గడువు దాటిపోతుంది. పుట్టినరోజుకు వారం ముందు కొని, బిల్లు కూడా వాడికే ఇచ్చేయండి.